రోములో పునీత పేతురు బసిలికా గుమ్మటం ఎక్కడం ఎలా?

మా కాజీపేట ఫాతిమానగర్ నుంచి రోము యాత్రకు వెళ్లొచ్చిన వాళ్లను అడిగితే బసిలికా (వాటికన్‌లోని పెద్ద చర్చి) చూశాం, ముందర ఫొటోలు దిగాం అంటారు కానీ గుమ్మటం ఎక్కామని చెప్పేవాళ్లు తక్కువ. టూర్లో దానికి టైం ఇవ్వరు, కొందరికేమో మెట్ల లెక్క వినగానే టెన్షన్. నేను మా మేనత్తతో ఎక్కాను. ఆమెకు అరవై దాటాయి. కాబట్టి అక్కడిదాకా వెళ్లి ఎక్కకుండా రాకండి, కాకపోతే ఇంటి దగ్గరే తయారై వెళ్లండి.

మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ ఉంది కదా అనుకుంటారు, అది బసిలికా కప్పు వరకే తీసుకెళ్తుంది, అక్కడి నుంచి ఇంకా 320 మెట్లు మన కాళ్లతోనే ఎక్కాలి. అందుకని నెల రోజుల ముందు నుంచి పొద్దున్నే హనుమకొండలోని పద్మాక్షి గుట్ట ఎక్కి దిగండి, వరంగల్ కోట వైపు ఉండేవాళ్లకు ఏకశిల గుట్ట ఉండనే ఉంది. మా అత్తకు మొదటి వారం రెండు మూడు చోట్ల కూర్చోవాల్సి వచ్చింది, నాలుగో వారానికి ఆగకుండా ఎక్కింది.

బట్టల సంగతి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. చీర పూజకు బాగుంటుంది కానీ ఇరుకు మెట్ల మీద కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి, పంజాబీ డ్రెస్, బూట్లు వేసుకుంటే నయం. పెద్ద బ్యాగు వద్దు, చెకింగ్ ఉంటుంది.

రోజు ఎంచుకునేటప్పుడు బుధవారం పొద్దుట పోపుగారి దర్శనం, ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన, ఈ రెండూ తప్పించండి, జనం విపరీతంగా ఉంటారు. మిగతా రోజుల్లో తెరిచే వేళకే లైన్లో ఉండాలి. బసిలికాలోకి వెళ్లడానికి డబ్బులేమీ లేవు, గుమ్మటానికి మాత్రం టికెట్ కొనాలి. పెద్దవాళ్లుంటే ఇంకేం ఆలోచించకుండా లిఫ్ట్ టికెట్టే తీసుకోండి.

లిఫ్ట్ దిగి కొంచెం ఎక్కితే గుమ్మటం లోపలి అంచున ఒక నడవా వస్తుంది. ఇక్కడ తొందరపడకండి. కింద నుంచి చూస్తే పెయింటింగ్ అనిపించేదంతా చిన్న చిన్న రంగు ముక్కలు అతికి చేసిన మొజాయిక్ అని దగ్గరికొస్తేనే తెలుస్తుంది, చుట్టూ ఉన్న అక్షరాలు కూడా ఎంత పెద్దవో అప్పుడే తెలుస్తుంది. మేం నిలబడ్డప్పుడు కింద పూజ జరుగుతోంది, ఆ పాట పైకి వస్తుంటే మా అత్త కళ్లు తుడుచుకుంది.

అసలు కష్టం దాని తర్వాతే. గుమ్మటం ఒక్క పొర కాదు, లోపల ఒకటి, బయట ఒకటి, ఆ రెండింటి మధ్యలోంచే మెట్లు పోతాయి. పైకి పోయేకొద్దీ గోడ వంపు తిరుగుతుంది కాబట్టి మనం కూడా ఒక పక్కకు ఒరిగి నడవాలి. చివర్లో బాగా ఇరుకైన చుట్టుమెట్లు, పట్టుకోవడానికి పైనుంచి వేలాడే తాడు. వెనక జనం వస్తూనే ఉంటారు, మధ్యలో తిరిగి దిగుదామంటే కుదరదు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు, ఇరుకు చోట భయపడేవాళ్లు కప్పు దగ్గరే ఆగిపోవడం మంచిది. మిగతావాళ్లు కిటికీ కనబడ్డ చోట పక్కకు జరిగి నాలుగు శ్వాసలు తీసుకుని కదలండి. శిల్పి మైకెలాంజెలో 1547లో డెబ్బై దాటాక ఈ బసిలికా కట్టే పని చేపట్టాడనీ, 1564లో ఆయన పోయేనాటికి గుమ్మటం ఇంకా లేవలేదనీ, 1590లో జాకొమో డెల్లా పోర్తా అనే వాస్తుశిల్పి పూర్తి చేశాడనీ అలాంటి కిటికీ దగ్గరే మా అత్తకు చెప్పాను. పాపం, చూసుకోలేదా అంది.

పైకి రాగానే ముందు గాలి తగులుతుంది. కింద బెర్నీని అనే శిల్పి కట్టిన స్తంభాల వరుసలు రెండు చేతులు చాచినట్టు ఆవరణను చుట్టి ఉంటాయి, మధ్యలో ఒబెలిస్క్ అనే ఎత్తైన రాతి స్తంభం, అక్కడి నుంచి తిన్నగా టైబర్ నది వైపు రోడ్డు, నది ఒడ్డున గుండ్రటి సాంత్ ఏంజెలో కోట. అందరూ ఇటే గుమిగూడతారు. మీరు చుట్టూ తిరిగి వెనక్కి కూడా వెళ్లండి, వాటికన్ తోటలు అటు ఉన్నాయి.

దిగేటప్పుడు కప్పు మీద ఆగి నీళ్లు తాగండి, టాయిలెట్లు, కాఫీ అక్కడే దొరుకుతాయి. ఆవరణ వైపు చూస్తూ నిలబడ్డ క్రీస్తు, అపొస్తలుల విగ్రహాల వెనకదాకా వెళ్లొచ్చు. అక్కడి నుంచి దిగితే బసిలికా లోపలికే వస్తారు, అందుకని మీతో వచ్చినవాళ్లు బయట ఎక్కడ కలవాలో ముందే మాట్లాడుకోండి. మేం ఒబెలిస్క్ దగ్గర అనుకున్నాం.