ఊరి చెరువు దగ్గర పక్షుల్ని చూడటం ఎలా? సంక్రాంతి నుంచి ఉగాది దాకా

పక్షుల్ని చూడాలంటే కొల్లేరుకో పులికాట్‌కో పోవాలని చాలామంది అనుకుంటారు. పోతే మంచిదే, కానీ అది ఏడాదికోసారి కుదరడమే కష్టం. సంక్రాంతి అయ్యాక ఉగాది వచ్చేలోపు మీకు దగ్గర్లో ఉన్న చెరువుకి, ప్రతిసారీ అదే చెరువుకి, వారానికి ఒక పొద్దున వెళ్లిరండి. పది చెరువులు చుట్టొచ్చినవాళ్ల కంటే ఒకే చెరువుని విడవకుండా చూసినవాళ్లకే పక్షుల గురించి ఎక్కువ తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

ఈ రెండు నెలలే ఎందుకంటే, యాసంగి వరికి తూము వదులుతారు, ఎండ కూడా ముదురుతుంటుంది, దాంతో చెరువులో నీళ్లు వారం వారం వెనక్కి పోతుంటాయి. అలా బయటపడిన తడి మట్టి నిండా పురుగులు, నత్తలు, చిన్న చిన్న చేపపిల్లలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో హిమాలయాలు దాటి వేల కిలోమీటర్లు వెనక్కి ఎగరాల్సిన వలస పక్షులు సరిగ్గా ఇప్పుడే బాగా మేసి ఒళ్లు చేయాలి. ఇంకో సంగతి, అక్టోబరులో మన దగ్గర దిగేటప్పుడు మగ బాతులు చాలావరకు ఆడవాటిలాగే మట్టి రంగులో ఉంటాయి, ఏది ఏదో చెప్పడం అలవాటున్నవాళ్లకే కష్టం. ఫిబ్రవరికల్లా వాటికి అసలు రంగులు వచ్చేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే మంచి సమయం లేదు.

ముందు చెరువుని చూడండి, తర్వాత పక్షుల్ని

చెరువు అంతా ఒకేలా ఉండదు. కట్ట ఉన్న వైపు లోతు ఎక్కువ. దానికి ఎదురుగా, వాన నీళ్లు వచ్చే వైపు నేల మెల్లగా పైకి లేస్తుంది, తెలంగాణలో శిఖం అంటారే, ఆ భాగం. నీళ్లు తగ్గేకొద్దీ అదే ముందు బయటపడుతుంది. కట్ట మీద నిలబడితే మునకలేసే పక్షులు దగ్గరగా కనిపిస్తాయి, బురదలో నడిచే పక్షులు మాత్రం అవతలి ఒడ్డున చుక్కల్లాగే ఉంటాయి. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు పక్షుల సంగతి పక్కనపెట్టి చెరువు చుట్టూ వీలైనంత నడవండి. శిఖం వైపు దారి ఎటు ఉంది, జమ్ము గడ్డి ఎక్కడ పెరిగింది, గుర్రపుడెక్క ఎంత మేర కమ్మేసింది, నీళ్లలో నిలబడ్డ ఎండు చెట్లు ఏవైనా ఉన్నాయా, ఇవి చూసుకుంటే చాలు.

హైదరాబాద్ వాళ్లకి గండిపేట, హిమాయత్‌సాగర్, శామీర్‌పేట ఉన్నాయి, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చిన అమీన్‌పూర్ చెరువూ ఉంది. వరంగల్ వైపు పాకాల, విశాఖ వైపు కొండకర్ల ఆవ. ఇవేవీ దగ్గర కాకపోతే మీ ఊరి చెరువే చాలు. పేరున్న చెరువు కంటే అరగంటలో చేరుకోగల చెరువు మేలు, ఎందుకంటే దూరమైతే రెండో వారానికే మానేస్తాం.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి

ఫిబ్రవరిలో హైదరాబాద్ ప్రాంతంలో 6.40కి అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. అప్పటికే చెరువు దగ్గర ఉండండి, తొమ్మిదింటికి వచ్చేయొచ్చు. ఎండెక్కాక నీళ్ల మీద గాలి అల్లాడుతుంది, ఎంత మంచి బైనాక్యులర్‌లో చూసినా బొమ్మ చెదిరిపోతుంది.

సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. పొద్దున తూర్పు ఒడ్డున నిలబడి పడమటికి చూడాలి, సాయంత్రమైతే దీనికి సరిగ్గా తిరగేసి. ఈ ఒక్కటి పాటించకపోతే ప్రతి పక్షీ నల్లటి నీడలాగే కనిపిస్తుంది.

ఏం తీసుకెళ్లాలి

బైనాక్యులర్ కొనేటట్టయితే 8×42 అని రాసి ఉన్నది చూడండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లది మేలనుకుంటారు కానీ చేతి వణుకు కూడా దాంట్లో అంతే పెద్దదవుతుంది. కొనే ముందు ఎవరిదైనా అడిగి ఒకపూట వాడి చూడండి. అసలు లేకపోయినా కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు మామూలు కంటికే బాగా కనిపిస్తాయి కాబట్టి అది లేదని ఆగిపోవద్దు.

ఫోన్‌లో మెర్లిన్, ఈబర్డ్ అనే రెండు యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. మెర్లిన్‌కి ఫోటో చూపిస్తే పేరు సూచిస్తుంది, దాన్ని సూచనగానే తీసుకుని మీ కళ్లతో సరిచూసుకోండి. ఈబర్డ్‌లో మీ దగ్గరి చెరువులో ఏ నెలలో ఏ పక్షులు కనిపించాయో ఇతరులు నమోదు చేసినవి చూడొచ్చు. వీటితోపాటు చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు, మంచినీళ్లు, టోపీ. బట్టలు మట్టి రంగువో ఆకుపచ్చవో అయితే మేలు, తెల్ల చొక్కా మాత్రం వద్దు.

వెళ్లగానే నడవకండి, కూర్చోండి

మీరు రాగానే దగ్గరున్న పక్షులు కొంచెం దూరం జరుగుతాయి. ఒక చెట్టు నీడలోనో బండరాయి పక్కనో కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటే వాటి పనిలో అవి పడిపోతాయి. ఇక అప్పుడు నీటి అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి, కొంచెం కొంచెంగా చూసుకుంటూ పోండి.

ఈ నీటి అంచు దగ్గర నేను ఎంతసేపైనా కూర్చోగలను. పక్షులు అక్కడ ఇష్టమొచ్చినట్టు నిలబడవు, ఎవరి కాళ్ల పొడవుని బట్టి వాళ్లకో వరస ఉంటుంది. అన్నిటికంటే ఒడ్డున, తడి మట్టి మీద, కంటి చుట్టూ పసుపు రింగు ఉన్న చిన్న ప్లోవర్: నాలుగడుగులు గబగబా పరిగెత్తి టక్కున ఆగుతుంది, వంగి ఒకటి పొడుస్తుంది, మళ్లీ పరుగు. దాని పక్కనే పిచ్చుకంత ఉండే స్టింట్‌లు తల ఎత్తకుండా కుట్టుమిషన్ సూదిలాగా మట్టిలో పొడుస్తూనే ఉంటాయి. వెనక భాగాన్ని పైకీ కిందకీ ఊపుతూ ఒంటరిగా తిరిగేది కామన్ శాండ్‌పైపర్, ఆ ఊపుడు అది ఆపదు కాబట్టి ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. ఇంకొంచెం లోపల, మోకాలి లోతు నీళ్లలో, సన్నటి గులాబీ రంగు కాళ్ల మీద నలుపు తెలుపు స్టిల్ట్‌లు. వాటికంటే లోపల స్పూన్‌బిల్, గరిటెలాంటి ముక్కుని నీళ్లలో పెట్టి తలని కుడికీ ఎడమకీ తిప్పుతూ నడుస్తుంది. ఎర్రకాళ్ల కొంగ (ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్) ముక్కు సగం తెరిచి నీళ్లలో ఉంచి, ఒక కాలితో అడుగు మట్టి కదిలిస్తుంది, చేప బెదిరి ముక్కుకి తగిలిందా, టప్పున మూసేస్తుంది. కాళ్లు అందని లోతు రాగానే ఈదే బాతులు మొదలవుతాయి, వాటి అవతల మునకలేసే బుడబుంగలు, నీటికాకులు.

ఇలా వరసని చూడటం అలవాటైతే పేరు తెలియని పక్షిని కూడా సగం గుర్తుపట్టినట్టే. రంగు ఏంటి అని కాకుండా ఎక్కడ నిలబడింది, ముక్కు ఎలా ఉంది, ఏం చేస్తోంది అని చూడండి. వచ్చే వారం నీళ్లు ఇంకో పది అడుగులు వెనక్కి పోయుంటే ఈ వరస మొత్తం దాంతోపాటే లోపలికి జరిగి ఉంటుంది.

బాతుల్లో ముందు మగవాటిని చూడండి. సన్నటి పొడుగు మెడ, సూదిలాంటి తోక ఉంటే పిన్‌టెయిల్. ఆకుపచ్చ తల, వెడల్పాటి ముక్కు ఉంటే షవలర్. ఇవి గుంపుగా చేరి ముక్కులు నీళ్లలో పెట్టి గుండ్రంగా తిరుగుతూ మేస్తాయి, చూసి తీరాల్సిందే. కంటి మీద తెల్లటి చార ఉంటే గార్గనీ. ఒంటి నిండా నలుపు, నుదురూ ముక్కూ తెలుపు అయితే అది బాతు కాదు, బొల్లికోడి. ఎగరాలంటే నీళ్ల మీద కొంత దూరం పరుగెత్తాల్సిందే దానికి. తెల్ల తల మీద రెండు నల్ల గీతలున్న పెద్ద బాతులు ఒడ్డున గుంపుగా కనిపిస్తే మీ అదృష్టం, అవి బార్ హెడెడ్ గూస్‌లు, హిమాలయాల మీదుగా వచ్చినవి.

జమ్ము దగ్గర ఓపిక పట్టాలి. నీలం ఒళ్లు, ఎర్ర ముక్కు ఉన్న స్వాంప్‌హెన్ బయటికొచ్చి జమ్ము కాడని పీకి, పొడుగాటి కాలివేళ్లతో మనం చెరుకుగడ పట్టుకున్నట్టే పట్టుకుని, లోపలి మెత్తటి గుజ్జు తింటుంది.

అన్నీ ఒక్కసారిగా లేచాయా, వెంటనే ఆకాశం వైపు చూడండి. జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ మార్ష్ హ్యారియర్ గద్ద వస్తూ ఉండొచ్చు.

నీళ్ల నుంచి తల తిప్పి చూడండి

బూరుగు, ఆ తర్వాత మోదుగ పూసే రోజులివి. ఆకులు రాలిన కొమ్మల మీద ఎర్రటి పూలు, ఆ పూలలో తేనె కోసం గోరింకలు, కాకులు, తేనెపిట్టలు. వాటి మధ్యలో గులాబీ ఒళ్లు, నల్ల తల ఉన్న రోజీ స్టార్లింగ్‌లు ఉన్నాయేమో చూడండి, ఏప్రిల్‌లో మధ్య ఆసియా వైపు వెళ్లిపోయేవి అవి. పొద్దు గూకే వేళ వేలకొద్దీ ఒకటై ఆకాశంలో మెలికలు తిరిగి చెరువు పక్కన జమ్ములోనో చెట్లలోనో రాత్రికి దిగుతాయి, దీనికోసమైనా ఒక సాయంత్రం వెళ్లాలి. ఎండెక్కాక రాళ్ల మీద తాబేళ్లు, గట్టు వెంట ముంగిసలు, నీళ్ల మీద తూనీగలు. కోయిల కూత కూడా ఈ వారాల్లోనే జోరందుకుంటుంది.

చూసింది రాసుకోండి

తేదీ, సమయం, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, ఏ పక్షి ఎన్ని. పెద్ద గుంపుని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కళ్లలో పెట్టుకుని, గుంపులో అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూడాలి. నీటి పక్షుల లెక్కింపు మన దగ్గర 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది, ఎక్కువ భాగం ఇలాంటి మామూలు జనం చేసిందే. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు ఉంటుంది, పదిహేను నిమిషాలు చూసి ఈబర్డ్‌లో నమోదు చేసినా సరిపోతుంది.

ఇవి మాత్రం చేయొద్దు

మేస్తున్న పక్షి తలెత్తి మీ వైపే చూస్తోందంటే ఆగిపోండి. అయినా మేత మొదలుపెట్టకపోతే నాలుగడుగులు వెనక్కి రండి. ఎగిరే ఫోటో కోసం రాళ్లు విసిరి, చప్పట్లు కొట్టి గుంపుని లేపేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. దూర ప్రయాణానికి దాచుకుంటున్న బలాన్ని మన ఫోటో కోసం ఖర్చు చేయించడం అన్యాయం. డ్రోన్లు ఎగరేయొద్దు, ఫోన్‌లో పక్షుల కూతలు వినిపించి పిలవొద్దు, బ్రెడ్డు ముక్కలు వేయొద్దు.

మార్చిలో ఎండిన శిఖంలో నడిచేటప్పుడు కింద చూసుకోండి. తీతువు గూడు కట్టదు, నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, వాటి మచ్చలు రాళ్లలో కలిసిపోతాయి. తీతువు అరిస్తే అపశకునం అంటారు మన పెద్దవాళ్లు, కానీ అది మీ తల మీదుగా తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. వచ్చిన దారినే వెనక్కి రండి.

మీ జాగ్రత్త కూడా ముఖ్యమే. పైన ఎండి పగిలినట్టు కనిపించే మట్టి కింద నడుం లోతు బురద ఉండొచ్చు, పశువులు నడిచిన దారి దాటి లోపలికి దిగొద్దు. ఒంటరిగా కాకుండా ఇద్దరుగా వెళ్లండి.

సంక్రాంతి గాలిపటాల మాంజా ఈ నెలల్లో ఇంకా చెట్లకి వేలాడుతూనే ఉంటుంది. చేతికి అందినంత తీసి, ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి. దారంలోనో వలలోనో చిక్కుకున్న పెద్ద పక్షి కనిపిస్తే మీరే లాగకండి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి.

చెరువు వాళ్లతో మాట్లాడండి

వలేసే అన్నని, గొర్లు మేపే పెద్దాయనని పలకరించండి. ఏ మూల నీళ్లు ముందు ఎండుతాయి, తెల్లవారుజామున ఏ పొలంలో బాతులు దిగుతాయి, ఈ ఏడు కొంగలు ఎందుకు తగ్గాయి, ఇవన్నీ ఏ యాప్‌లోనూ దొరకవు. "అన్నా, ఈ పిట్టని మీరేమంటారు?" అని అడిగి ఆ పేరు నోట్‌బుక్కులో రాసుకోండి.

మార్చి మూడో వారం నుంచి బాతులు పలచబడతాయి, ఏ వారం ఏది ఆఖరిసారి కనిపించిందో గుర్తుపెట్టుకోండి, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఆ తర్వాత కూడా చూడాలనిపిస్తే గుంటూరు దగ్గర ఉప్పలపాడుకో, హిందూపురం వైపు వీరాపురానికో వెళ్లండి. వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, ఊరివాళ్లు వాటిని కంటికి రెప్పలా కాపాడుకుంటారు. అక్కడ గూళ్ల కింద గుంపుగా నిలబడకుండా, ఊరివాళ్లని అడిగి వాళ్లు చూపించిన చోటు నుంచే చూడండి.