సంపాదకీయ తెలుగు, 6వ పాఠం: సామ్యవాద

పోయిన పాఠంలో 'లౌకిక'తో కుస్తీ పట్టాం. రాజ్యాంగ ప్రవేశికలో దాని పక్కనే ఉన్న 'సామ్యవాద' ఈసారి మన వంతు. రెండూ 1976లో 42వ సవరణతో జంటగా వచ్చి చేరినవే.

రూపాలు తేలిక. సిద్ధాంతం సామ్యవాదం, దాన్ని నమ్మేవారు సామ్యవాది. వెనక మరో మాట చేరితే సున్నా పోతుంది: సామ్యవాద భావాలు, సామ్యవాద దేశం. 'సామ్యవాదమైన' అని మాత్రం రాయకండి, చెవికి గుచ్చుకుంటుంది. తొందరలో ఇది 'సామ్రాజ్యవాదం' కాకుండా కూడా చూసుకోండి. అది పరాయి దేశాలను లోబరచుకునే విధానం. కాస్త ఏమరితే లెనిన్ కాస్తా సామ్రాజ్యవాది అయిపోతాడు!

అసలు చిక్కు అర్థంతోనే. సామ్యం అంటే సమానత్వం కదా అని 'అందరికీ సమానంగా పంచడం' దగ్గర ఆగిపోతాం. అది చాలదు. చిక్కడపల్లి హోటల్లో నలుగురు దోస్తులు ఒక బిర్యానీని సమానంగా పంచుకుంటే అది స్నేహం. ఆ హోటల్ ఎవరి సొత్తు, లాభం ఎవరికి పోవాలి అని అడిగినప్పుడే సామ్యవాదం మొదలవుతుంది. భూమి, ఫ్యాక్టరీ లాంటి ఉత్పత్తి సాధనాలు కొందరి గుప్పిట్లో కాక సమాజం చేతిలో ఉండాలన్నది దాని కీలకం.

అలాగని సర్కారు నడిపేదల్లా సామ్యవాదమూ కాదు. హైదరాబాద్ సంస్థానంలో 1932లోనే 27 సర్కారీ బస్సులు రోడ్డెక్కాయి. ఆ లెక్కన నిజాం నవాబును సామ్యవాది అనాలి!

ఇక వాడుక. 'సామ్యవాద' పుస్తకాల్లో, రాజ్యాంగంలో కుదురుగా ఉంటుంది. నోటి మాటల్లో 'సోషలిస్టు'దే రాజ్యం. హిమాయత్‌నగర్ మఖ్దూం భవన్‌లోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో సభకు వెళ్తే 'సోషలిజం', 'సమసమాజం', 'వామపక్షం' చెవిన పడతాయి. మూడూ ఒకటి కాదు. సమసమాజం చేరాల్సిన గమ్యం. వామపక్షం పెద్ద గొడుగు, కమ్యూనిస్టులూ దాని కిందికే వస్తారు. పార్టీ పేర్లను అనువదించే పని పెట్టుకోకండి: సమాజ్‌వాదీ పార్టీ సమాజ్‌వాదీ పార్టీయే.

అభ్యాసం: ఖాళీలు పూరించండి.

వలస పాలన ______కి ఒక రూపం.

రాంమనోహర్ లోహియా పేరుమోసిన ______.

1955లో ఆవడి కాంగ్రెస్ మహాసభ ______ తరహా సమాజం కావాలని తీర్మానించింది.

చివరిదానికి రెండు మాటలు సరిపోతాయి. ఏది ఎంచుకున్నారో, ఎందుకో ఒక్క వాక్యంలో రాసి ఉంచుకోండి. 'ఉదారవాదం' పాఠంలో జవాబులు సరిచూద్దాం.