పెద్ద భవనాల్లో నీటి ఆడిట్: కుళాయిలు మార్చేముందు లెక్క తేల్చండి

ఆసుపత్రి, హోటల్, విశ్వవిద్యాలయం, కార్యాలయ సముదాయం వంటి పెద్ద ప్రాంగణాల్లో నీటి వాడకం తగ్గించాలని నిర్ణయం జరగగానే చాలాచోట్ల ముందుగా కుళాయిలు మార్చడానికి పూనుకుంటారు. అది అవసరమైన పనే గానీ మొదటి పని కాదు. నీరు ఎటు పోతోందో తెలుసుకోకుండా పరికరాలు బిగిస్తే, నిజంగా ఎంత ఆదా అయిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. ప్రాంగణంలోకి వచ్చిన ప్రతి కిలోలీటరు ఎక్కడ ఖర్చయిందో చూపించడం ఆడిట్ పని. లెక్కకు అందకుండా మిగిలిపోయిన నీరు ఎంతో తేల్చడం దాని అసలు ఫలితం.

మొదట కనీసం 12 నెలల బిల్లులు, వీలైతే మూడేళ్లవి, ఒకచోట చేర్చండి. బోరు నుంచి తోడుకున్న నీరు, ట్యాంకర్లలో తెప్పించుకున్న నీరు బిల్లుల్లో కనిపించవు కాబట్టి వాటిని విడిగా నమోదు చేయాలి. నెలవారీ వాడకాన్ని ఆ భవనానికి తగిన కొలమానంతో భాగించాలి: హోటల్‌లో నిండిన గదుల సంఖ్యతో, ఆసుపత్రిలో రోగులున్న పడకలతో, కార్యాలయంలో హాజరైనవారి సంఖ్యతో. ఇలా భాగించకపోతే, జనం పలచబడిన నెలలో వాడకం తగ్గడాన్ని పొదుపుగా పొరబడతాం. ప్రధాన మీటరు పనితీరును కూడా ఈ దశలోనే పరీక్షించాలి. అవసరానికి మించిన సైజు మీటరు సన్నటి ప్రవాహాన్ని గుర్తించకపోవచ్చు.

తర్వాత పైపుల నక్షా చేతపట్టుకొని భవనమంతా నడవాలి. మరమ్మతులు, కొత్త కట్టడాలు జరిగిన భవనంలో నక్షాకూ వాస్తవానికీ తేడా ఉండటం మామూలే. అందుకే అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న ప్లంబర్‌ను వెంట తీసుకెళ్లండి. ఏ వాల్వు తిప్పితే ఏ అంతస్తుకు నీరు ఆగుతుందో ఆయనకు తెలిసినంతగా కాగితాలకు తెలియదు.

ఆడిట్ మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ విషయం బయటపెట్టేది రాత్రి రీడింగు. వాడకం దాదాపుగా ఆగిపోయే వేళ, సాధారణంగా రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య, ప్రతి పావుగంటకు మీటరు చూసి రాసుకోండి. అయితే సంపు నిండుతున్నప్పుడు మీటరు చూపేది వాడకాన్ని కాదు, నింపుకోవడాన్ని. కాబట్టి సంపును ముందే నింపి, లోపలికి వచ్చే వాల్వు మూసి, నీటి మట్టం ఎంత దిగిందో కొలవాలి. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న సంపులో మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 500 లీటర్లు బయటికి పోయినట్టు. ఆ సమయంలో పంపు పైట్యాంకులకు నీరు ఎక్కిస్తే ఈ లెక్క తప్పుతుంది. పైట్యాంకులను కూడా ముందే నింపి పంపు ఆపి, వాటి మట్టాలను వేరుగా చూడాలి. పెద్ద ఏసీ వ్యవస్థ వేడిని నీటితో బయటికి పంపే కూలింగ్ టవర్, నీటి కఠినత్వాన్ని తగ్గిస్తూ రాత్రివేళ తనను తాను శుభ్రపరచుకునే సాఫ్ట్‌నర్ వంటి న్యాయమైన రాత్రి వాడకాన్ని తీసేయగా మిగిలినది లీకేజీగా అనుమానించాలి. అప్పుడు ఒక్కో విభాగం వాల్వును వరుసగా మూస్తూ, ఎక్కడ మూసినప్పుడు ప్రవాహం పడిపోయిందో గమనిస్తే వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది. ఆసుపత్రిలో ఈ పని వార్డు బాధ్యులకు ముందుగా చెప్పి, వాళ్లు ఒప్పుకున్న చోటనే చేయాలి. నిమిషానికి ఒక లీటరు చొప్పున ఆగకుండా పోయే లీకు రోజుకు 1,440 లీటర్లు, ఏడాదికి 525 కిలోలీటర్లకు పైగా మింగేస్తుందని గుర్తుంచుకుంటే, చిన్న లీకు అని వదిలేయడానికి మనసు రాదు.

లీకులన్నీ నేలమీద తడిగా కనబడవు. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి, అరగంటపాటు ఎవరూ వాడకుండా చూసి, కమోడ్‌లో ఆ రంగు కనబడితే లోపలి వాషర్ పాడైనట్టే. ఇంకా మోసకరమైనది సంపు, పైట్యాంకుల ఓవర్‌ఫ్లో. ట్యాంకు నిండగానే నీటిని ఆపే ఫ్లోట్ వాల్వు పట్టు తప్పితే నీరు ఓవర్‌ఫ్లో పైపు గుండా నేరుగా మురుగులోకి చేరుతుంది. ఆ పైపు గోడ లోపలే డ్రెయిన్‌కు కలిసిపోతే నెలల తరబడి ఎవరికీ తెలియదు. దాని చివర అందరికీ కనబడేచోట, డ్రెయిన్‌కు పైన ఖాళీ వదిలి తెరుచుకునేలా మార్పించండి.

నీటితో చల్లబడే ఏసీ వ్యవస్థ ఉన్న భవనంలో కూలింగ్ టవర్‌ను ప్రత్యేకంగా పరిశీలించాలి. అక్కడ ఆవిరైపోయే నీటిని పెద్దగా తగ్గించలేం, వేడిని మోసుకుపోయేది అదే. తగ్గించగలిగింది, లవణాలు పేరుకోకుండా బయటికి వదిలే బ్లోడౌన్. టవర్‌లోని నీరు, కొత్తగా చేరే నీటికంటే ఎన్ని రెట్లు చిక్కబడ్డాక వదులుతున్నారో ఆ సంఖ్యను ఆపరేటర్లు సీఓసీ అంటారు. రెండు నీళ్ల కండక్టివిటీని, అంటే లవణాలను బట్టి పెరిగే విద్యుత్ వాహకతను, పోల్చి దాన్ని అంచనా వేయవచ్చు. సీఓసీని 3 నుంచి 6కు పెంచగలిగితే బ్లోడౌన్ 60 శాతం, మొత్తం చేర్చే నీరు 20 శాతం తగ్గుతాయి. ఆ తర్వాత పెంచేకొద్దీ లాభం సన్నగిల్లుతుంది, పొలుసు కట్టడం, తుప్పు పట్టడం పెరుగుతాయి. అందుచేత నీటి శుద్ధి నిపుణుడితో మాట్లాడకుండా ఈ మార్పు చేయకూడదు. చేర్చే నీటికీ బ్లోడౌన్‌కూ చెరొక మీటరు తప్పనిసరి.

ఇప్పుడు కుళాయిల వంతు. పాత్ర పెట్టి 10 సెకన్లలో పడిన నీటిని ఆరుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో తెలుస్తుంది. చేతులు కడుక్కునే కుళాయికి ధారలో గాలి కలిపి ప్రవాహాన్ని తగ్గించే ఏరేటర్, నిమిషానికి 2 లీటర్లది, సరిపోతుంది. బకెట్లు నింపే కుళాయికి దాన్ని బిగిస్తే సమయం వృథా తప్ప నీరు మిగలదు. పాత ఫ్లష్‌లు ఒక్కసారికి 13 లీటర్లదాకా వదిలితే, కొత్తవి 6 లీటర్లు లేదా అంతకంటే తక్కువతో పనిచేస్తాయి. ఒత్తిడి ఎక్కువగా ఉన్న కింది అంతస్తుల్లో ప్రెజర్ రెడ్యూసింగ్ వాల్వు పెడితే కుళాయిల ప్రవాహంతోపాటు లీకులూ నెమ్మదిస్తాయి. వంటగదిలో ఆగకుండా పారే కుళాయి కింద గడ్డకట్టిన పదార్థాలను కరిగించే అలవాటును ఆపించాలి. లాండ్రీలో చివరి జాడింపు నీటిని తర్వాతి విడత మొదటి ఉతుకుకు వాడవచ్చు.

ఒక హెచ్చరిక చాలా ముఖ్యం. వాడకం తగ్గినప్పుడు పైపుల్లో నీరు నిలవ ఉంటుంది. 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిచిన నీటిలో తీవ్రమైన న్యుమోనియా కలిగించే లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. ముఖ్యంగా ఆసుపత్రుల్లో వేడినీటి నిల్వను 60 డిగ్రీల వద్ద ఉంచడం, వాడని కుళాయిలను క్రమం తప్పకుండా కాసేపు వదలడం పొదుపు పేరుతో మానేయకూడదు.

పునర్వినియోగం గురించి ఆలోచించాల్సింది వీటన్నిటి తర్వాతే, ఎందుకంటే వృథాను ఆపకముందే కట్టిన శుద్ధి కేంద్రం ఆ వృథాకు సరిపడేంత పెద్దదిగా కట్టాల్సి వస్తుంది. ఏసీల నుంచి కారే నీటిలో లవణాలు చాలా తక్కువ కనుక, తాగడానికి పనికిరాకపోయినా, తగిన శుద్ధితో కూలింగ్ టవర్‌కు బాగా పనికొస్తుంది. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని, దాని ఉప్పదనం పరీక్షించాక, నేల కడగడానికి మళ్లించవచ్చు.

ప్రతి మార్పు తర్వాత అదే కొలమానంతో, అదే రుతువులోని పాత నెలతో పోల్చి చూడండి. కూలింగ్ టవర్, వంటగది, లాండ్రీ, తోటలకు విడి మీటర్లు పెట్టి, రోజూ ఒకే వేళకు రీడింగు రాసే బాధ్యతను ఒక వ్యక్తికి పేరుపెట్టి అప్పగించండి. రీడింగు మామూలు కంటే ఎంత పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి ఉంచండి.