చెట్టుకప్పకు జబ్బు చేస్తే: చెయ్యి వేసేముందు

ముందు నీళ్లు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ కప్ప చర్మాన్ని దెబ్బతీస్తుంది. అక్వేరియం డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపినవే వాడండి. పౌడర్ లేని గ్లవ్స్ వేసుకుని, వాటిని ఆ నీళ్లతోనే తడిపి కప్పను పట్టుకోండి. శానిటైజర్ చేతులు అసలే వద్దు.

మందుకంటే ముందు తూకం: మూత డబ్బాలో పెట్టి, గ్రాముల కాటా మీద. డోసు బరువును బట్టే.

పొట్ట కింద, తొడల లోపల ఎరుపుంటే బ్యాక్టీరియా కావచ్చు, ఒట్టి గీరుకున్న గాయాలూ కావచ్చు. చర్మం మాటిమాటికీ ఊడితే కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ అనుమానం. చూపుతో తేలదు, స్వాబ్ పరీక్ష కావాలి. వైజాగ్ ఎండల్లో నీరసం వేడివల్ల కూడా వస్తుంది; గది చల్లబరచండి, ఐసు పెట్టకండి.

ఇంట్లో మిగిలిన ఆయింట్‌మెంట్లు రాయకండి.

జబ్బు కప్పను విడిగా, తడి టిష్యూ మీద ఉంచండి. దాని నీళ్లను బ్లీచ్ కలపకుండా గెడ్డలో (వాగులో) పారబోస్తే ఇక్కడి కప్పలకూ అంటుకోవచ్చు.