గట్టు మీద ఫెవిక్విక్ పడి బిగుసుకుందా? ముందు ఆ చాకు పక్కన పెట్టండి

ఫెవిక్విక్ ఒలికి ఎండిపోయిందంటే చాలు, చేతికి చాకు దొరికితే చాకు, బ్లేడు దొరికితే బ్లేడు తెచ్చి గీకడం మొదలుపెడతారు. జిగురు సగం పోతుంది, దాని చుట్టూ ఉన్న పాలిష్ మాత్రం పూర్తిగా పోతుంది. జిగురు మచ్చ ఎప్పుడైనా తీయొచ్చు కానీ గీత పడ్డాక చేసేదేం లేదు. అందుకే ఏ జిగురు పడింది అన్నదానికన్నా అది దేని మీద పడింది అన్నది ముందు చూసుకోమంటాను.

గ్రానైట్ గట్టు, టైల్స్, అద్దం, స్టీలు అయితే టెన్షన్ లేదు, ఫెవిక్విక్‌ను కరిగించే అసిటోన్ అనే ద్రవం వాడొచ్చు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే నెయిల్ పాలిష్ రిమూవర్ కొనేటప్పుడు సీసా వెనక చదవండి, కొన్నింట్లో అసిటోన్ ఉండదు, అవి ఈ పనికి అంతంతమాత్రమే. పెయింట్ల షాపులో అసిటోన్ అనే అడిగి చూడండి. అయితే పాలిష్ చేసిన టేకు తలుపులు, పెయింట్ వేసిన ఫ్రిజ్ డోరు, టీవీ స్క్రీను, అక్రిలిక్ షీటు, స్విచ్ బోర్డుల జోలికి మాత్రం అసిటోన్‌తో వెళ్ళకండి, జిగురుతో పాటు అవీ కరుగుతాయి. దేని మీదైనా సరే, ముందు కనపడని మూల ఒక చుక్క వేసి, ఆరాక చూసి, అప్పుడు మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు పని. అసిటోన్ 56 డిగ్రీలకే మరిగే ద్రవం, మే నెల బెజవాడ ఎండల్లో దూది మీద పోసి పెడితే జిగురులోకి దిగకముందే ఆవిరైపోతుంది. దీనికి ఉపాయం ఏంటంటే, దూదిని బాగా తడిపి మచ్చ మీద పెట్టి, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ ముక్కను దానిమీద కప్పండి, రాతలున్న వైపు పైకి ఉండాలి, లేకపోతే ఆ రంగు వచ్చి గట్టుకి అంటుకుంటుంది. పది నిమిషాలు ఆగి తీసి చూస్తే గాజులా ఉన్న బొట్టు అంచులు తెల్లబడి, మెత్తబడి, కాస్త పైకి లేచి ఉంటాయి. అప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతో ఆ లేచిన చోటు నుంచి లోపలికి నెట్టండి, పొరలాగా వచ్చేస్తుంది. రాకపోతే బలం పెట్టకండి, ఇంకోసారి దూది పెట్టండి. అద్దం మీద అయితే సబ్బునీళ్ళు చల్లి కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి తోయొచ్చు, బ్లేడు వాడొచ్చని నేను ఒప్పుకునేది ఆ ఒక్కచోటే.

ఒక హెచ్చరిక. అసిటోన్ ఆవిరి గాలికంటే బరువు, కిందకి దిగి నేలంతా పాకుతుంది, ఎక్కడో ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. వంటగట్టు మీద చేసేటప్పుడు స్టవ్ ఆపేసి, రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీయండి. పక్కనే పూజగదిలో దీపం వెలుగుతుంటే అది కొండెక్కేదాకా ఆగండి.

మన వైపు ఇళ్ళలో నాపరాళ్ళు, కడప బండలు ఎక్కువ కదా, గుంటూరు పాత ఇళ్ళలో అయితే చెప్పక్కర్లేదు. ఇవి సున్నపురాయి జాతి. వెనిగరు, నిమ్మకాయ, బాత్రూం యాసిడ్ లాంటి పుల్లటివి ఏవి పడినా రాయి పైపొర తినేసి తెల్లటి మచ్చ మిగులుతుంది, పాలరాయికీ ఇదే వర్తిస్తుంది. నెట్‌లో ఎవరో చెప్పారని వెనిగరు పోసేయకండి. వాటి మీద కూడా అసిటోనే మేలు, నూనె పట్టించిన నల్ల బండ అక్కడక్కడ వెలిసినట్టు కనిపిస్తే రెండు చుక్కల కొబ్బరినూనె రుద్దితే సర్దుకుంటుంది.

తెల్ల ఫెవికాల్ అయితే గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డ అరగంట వేసి ఉంచితే చాలు, ఉబ్బి తెల్లగా మారుతుంది, తుడిచేయడమే. స్టిక్కర్ల బంకకు, డబుల్ సైడ్ టేపుకు నూనె, వేడి. పడమటి కిటికీ అద్దం మీద స్టిక్కరు ఉంటే మధ్యాహ్నం మూడింటికి చూడండి, హెయిర్ డ్రయ్యర్ అక్కర్లేకుండా ఎండే మెత్తబరుస్తుంది. టైలుకి అంటించిన హుక్కును లాగేయకుండా వెనక గట్టి నైలాన్ దారం దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి.

ఎరాల్డైట్, ఎం-సీల్ మాత్రం వేరే జాతి. రెండు మందులు కలిపి చేసేవి, ఒకసారి బిగిశాక అసిటోన్‌కి కరగవు. వేడికి మాత్రం కొంచెం లొంగుతాయి, డ్రయ్యర్ దగ్గరగా పెట్టి వేడిచేసి, వేడిగా ఉన్నప్పుడే అంచు నుంచి కొద్దికొద్దిగా లేపాలి. పైపు జాయింటు దగ్గర ఉన్నదైతే అసలు కదపకండి, ఆ ముద్ద తీస్తే నీళ్ళు కారతాయి.

వేళ్ళు అతుక్కుంటే ఒకదాన్నొకటి లాగకండి, తోలు ఊడొస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో కాసేపు ఉంచి, మొద్దు పెన్సిలును మధ్యలో దొర్లిస్తూ విడదీయండి. నూలు బట్టలు, దూది మీద పచ్చి ఫెవిక్విక్ ఎక్కువగా పడితే చుర్రుమనేంత వేడి పుడుతుంది, పడిన వెంటనే చేత్తో తుడవబోకండి. కంట్లో పడితే ఏ మందూ వేయొద్దు, రెప్పలు బలవంతంగా తెరవొద్దు, నీళ్ళతో కడిగి నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళండి.