భార్య లేదా భర్త వైద్య శిక్షణకు వెళ్తుంటే: వెంట వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా?

ముందు శిక్షణ ఎన్నేళ్లో రాసుకోండి. మన దేశంలో ఎండీ, ఎంఎస్ అయితే మామూలుగా మూడేళ్లు. అమెరికాలో అయితే స్పెషాలిటీని బట్టి 3 నుంచి 7 ఏళ్ల దాకా పట్టొచ్చు. ఆపైన సూపర్ స్పెషాలిటీ (స్పెషాలిటీ తర్వాత చేసే పైచదువు) ఆలోచన ఉంటే అది మరో ఊళ్లో కావచ్చు. ఏడాదిలోపు పనైతే ఇల్లు కదపకండి. మూడేళ్లు, ఆపైన అయితే విడిగా ఉండమని మేం చెప్పం.

అసలు విషయం డ్యూటీ చార్టులో ఉంటుంది. అదే విభాగంలో సీనియర్ల పోయిన నెల చార్టు అడిగి తీసుకోండి. పూర్తి సెలవులు మాత్రమే లెక్కపెట్టండి. నైట్ డ్యూటీ దిగిన రోజు ఖాళీగా కనిపిస్తుంది కానీ అది నిద్రకే సరిపోతుంది. సెలవులు నెలకు నాలుగే వచ్చి, అవీ వరసగా లేకపోతే ప్రతిసారీ ప్రయాణం చేయాల్సింది మీరే. ఆ ఖర్చు, రెండిళ్ల అద్దె ఒక పక్క, ఉద్యోగం వదిలితే పోయే మీ జీతం ఇంకో పక్క వేసి చూడండి. పోస్టింగులన్నీ ఒకే ఆసుపత్రిలోనా అన్నదీ కనుక్కోండి. ఆరేసి నెలలకు ఊరు మారేటట్టయితే వెంట వెళ్లినా ఒంటరిగానే మిగులుతారు.

వెళ్లడం ఖాయమైతే, అద్దె కాస్త ఎక్కువైనా సరే, ఆసుపత్రికి 15 నిమిషాల దూరంలోనే ఇల్లు చూడండి. 24 గంటల డ్యూటీ చేసి కునికిపాట్లు పడుతూ బండి నడిపితే ప్రాణాల మీదికొస్తుంది. అద్దె ఒప్పందం ఏడాదికే రాయించండి. ఇంటి నుంచి పనికి మీ ఆఫీసు ఒప్పుకుంటే ఆ మాట మెయిల్లో తీసుకోండి. మేనేజరు మారితే నోటిమాట నిలవదు.

మొదటి ఏడాది పక్కనే ఉన్నా మనిషి దొరకడం కష్టం. అందుకే కొత్త ఊళ్లో మీకంటూ ఒక పని, నలుగురు తెలిసినవాళ్లు ఉండేలా చూసుకున్నాకే సామాను కట్టండి.