ఆకు మీది ఆనవాళ్లు – 4వ పాఠం: వెదురాకు కిటికీలు

పోయిన పాఠంలో నిమ్మాకు చూశాం. ఆ గొంగళి పురుగు అంచు నుంచి కొరుక్కుంటూ వస్తుంది కాబట్టి పెద్దగా కష్టపడలేదు. ఈసారి వెదురాకు. వెదురు పొదలు లేకపోతే ఏ పార్కులోనో, అపార్ట్‌మెంటు గేటు పక్కనో దొరుకుతుంది. బాగా లేని ఆకులు ఓ పది కోసుకుని, వెలుతురుకు ఎదురుగా కూర్చోండి.

మొదట పురుగు చేయని పనిని వేరు చేయాలి. వెదురాకులో ఈనెలన్నీ పక్కపక్కనే నిలువుగా పోతాయి. గాలికి చిరిగితే ఆ ఈనెల వెంటే చీలుతుంది, అంచు దారాల్లా ఉంటుంది. పురుగు అలా కాదు, ఈనెల్ని అడ్డంగా కోసేస్తుంది. నీళ్లు చాలకపోతే సాధారణంగా కొస నుంచి ఎండుతూ వస్తుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన ఆనవాలు. ఒక్కోసారి ఆకు మీద అడ్డంగా, ఒకే వరసలో, ఒకే సైజులో నాలుగైదు చిల్లులు కనిపిస్తాయి. పురుగు స్కేలు పెట్టి కొరికిందా అనిపిస్తుంది. కొరికింది ఒక్కసారే. ఆకు ఇంకా విచ్చుకోకుండా చుట్ట చుట్టుకుని ఉన్నప్పుడు, ఆ చుట్టలోంచి దూరిపోయింది. చిన్నప్పుడు రంగు కాగితం మడతపెట్టి కత్తిరించి, విప్పితే బారుగా పూలు వచ్చేవి కదా, అదే లెక్క. అంటే పురుగు వచ్చింది ఈ రోజు కాదు, ఆకు మొలకగా ఉన్న రోజుల్లో. చిల్లులు చూసి తేదీ చెప్పగలగడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు సంగతి, కిటికీలు. ఆక్లాండ్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఓసారి వాళ్ల వెదురు కంచె ఫొటో పంపాడు. ఆకుల మీద తెల్లటి చారలు. "ఎండ దెబ్బ, నీళ్లు పెట్టు" అని ఠక్కున చెప్పేశాను. వాడు ఆకు తిరగేసి ఇంకో ఫొటో పంపాడు. అడుగున చిన్న చిన్న గొంగళి పురుగులు, తలలు ఒకే గీత మీద పెట్టి, బంతి భోజనాలకు కూర్చున్నట్టు! పై నుంచి చూసి తీర్పు చెప్పడం నా తప్పు.

పిల్ల పురుగుల దవడలకు ఆకు మొత్తం కొరికే బలం ఉండదు. అడుగు పొరను, లోపలి పచ్చదనాన్ని గోకి తింటాయి, పై పొర వదిలేస్తాయి. అది ఎండి తెల్లగా, పల్చటి కాగితంలా మిగులుతుంది. వెలుతురుకు పట్టుకుంటే కిటికీ అద్దంలా ఉంటుంది. కాస్త పెరిగాక పొరల బాధ లేదు, ఆకంతా నమిలేస్తాయి. కాబట్టి కిటికీలు కనిపిస్తే పిల్ల పురుగులు, అంచులు పోతే పెద్దవి. రెండూ ఒకే కొమ్మ మీదుంటే, పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ అక్కడే మేస్తూ ఉండవచ్చు.

వాడి కంచె మీదున్నది ఆర్టోనా మార్టిని అనే చిమ్మెట (మాత్) గొంగళి. చైనా, తైవాన్, వియత్నాం వైపు పురుగు. పెద్దయ్యాక నల్లటి రెక్కలతో పగలే ఎగురుతుంది. న్యూజిలాండ్‌లో 1996లో ఫంగారే ఊళ్లో మొదటిసారి కనబడింది. తమాషా ఏమిటంటే, క్రిమియా శాస్త్రవేత్త కాన్‌స్టాంటిన్ ఎఫెటొవ్ దీన్ని కొత్త జాతిగా వర్ణించి పేరు పెట్టింది 1997లో. బారసాల కాకముందే పరాయి దేశంలో కాపురం పెట్టేసిందన్నమాట. న్యూజిలాండ్‌కు సొంత వెదురే లేదు. మనుషులు తెచ్చి నాటినదే. అందుకని ఈ పురుగు దారి అడవుల గుండా కాదు, పెరటి కంచెల మీదుగా, నర్సరీ కుండీల మీదుగా సాగుతుంది. మొక్క చేతులు మారినప్పుడు ఆకు అడుగున గుడ్లో, బొంగు మీది పొర చాటున గూడో ఉంటే ఎవరు చూస్తారు?

ఇక్కడే ఒక హద్దు గీసుకోవాలి. జపాన్‌లో దీని దగ్గరి చుట్టం ఆర్టోనా ఫ్యునరాలిస్ ఉంది. అదీ వెదురే తింటుంది, చూడటానికీ ఇలాగే ఉంటుంది. కిటికీని చూసి ఈ రెంటిలో ఏదో చెప్పలేం. ఆకు మనకు చెప్పేది ఎలా తిన్నది, ఎంత వయసులో తిన్నది అనే. పేరు చెప్పదు. నోట్‌బుక్‌లో "వెదురు, కిటికీలు, అడుగు వైపు" అని రాసి ఆపండి. తొందరపడి జాతి పేరు రాస్తే, రేపు ఆ ఊరు తప్పుడు మ్యాపులోకి ఎక్కుతుంది.

మన దగ్గర వెదురు మీద ఎక్కువగా కనిపించేది ఇది కాదు, ఆకుచుట్టు పురుగు. ఆకును పట్టుదారంతో గొట్టంలా చుట్టి, లోపల కూర్చుని గోకుతుంది. కిటికీలు అక్కడా వస్తాయి. తేడా పట్టడానికి చుట్ట విప్పండి. లోపల దారాలు, నల్లటి పెంటికలు రాలితే ఆకుచుట్టే. విప్పిన ఆకు మళ్లీ అతుక్కోదు, కాబట్టి ఫొటో ముందు, విప్పడం తర్వాత.

ఆర్టోనాల గొంగళి పురుగులను మాత్రం చేత్తో తాకొద్దు. వెంట్రుకలు గుచ్చుకుంటే దద్దుర్లు, దురద. దూలగొండి అనుభవం ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పైగా ఈ కుటుంబం పురుగుల ఒంట్లో సైనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి. వెదురు కొమ్ముల్లోనూ, అంటే లేత మొలకల్లోనూ, అలాంటిదే వేరొకటి ఉంటుంది, అరకు వైపు కూరకు ముందు వాటిని బాగా ఉడికించి నీళ్లు పారబోసేది అందుకే.

వచ్చే పాఠం దాకా పని: ఒకే పొద దగ్గర వారానికోసారి, రెండు వారాలు. ప్రతిసారీ పది ఆకులు, రెండు వైపులా ఫొటో, పక్కన రూపాయి బిళ్ల. తేదీ, ఊరు, పొద ఎవరు ఎక్కణ్నుంచి తెచ్చి నాటారో కనుక్కుని రాయండి. ఆ చివరిది అడగడానికి మొహమాటపడొద్దు. అయిదో పాఠంలో మీ ఇరవై ఆకుల్నీ చిల్లులు, కిటికీలు, చుట్టలుగా విడదీద్దాం.